గోదావరి డెల్టా పనులకు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్: పనిదినాల క్యాలెండర్ వైపు నుంచి ఒక సమీక్ష

పనుల ప్రణాళిక వేసే సాఫ్ట్‌వేర్ అయిన మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ గురించి రాసేవారు సాధారణంగా దాని గాంట్ చార్టు (పనులను తేదీల వెంట పట్టీలుగా చూపే పటం) అందంగా వస్తుందనో, నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుందనో రాసి ముగిస్తారు. పశ్చిమ డెల్టాలో కాలువ పనులూ, చిన్న వంతెనలూ, ఏటిగట్టు పనులూ చేసే కాంట్రాక్టర్లకు పని ప్రణాళికలు తయారుచేసే వ్యక్తిగా నేను ఈ సాఫ్ట్‌వేర్‌లోని ఒకే ఒక భాగాన్ని ఇక్కడ పరిశీలిస్తున్నాను. అది పనిదినాల క్యాలెండర్. ఒక పని ఎన్ని రోజులు పడుతుందో మనం ఎంత జాగ్రత్తగా అంచనా వేసినా, ఆ పని ఏ తేదీన ముగుస్తుందో చివరికి నిర్ణయించేది క్యాలెండరే. పనివేళలను నీరూ పంటా పండగా కలిసి నిర్ణయించే మన ప్రాంతంలో ఈ భాగాన్ని సరిగా అమర్చుకోకపోతే మిగతా సాఫ్ట్‌వేర్ అంతా ఎంత బాగున్నా ఉపయోగం లేదు.

ముందుగా సాఫ్ట్‌వేర్ తనంతట తాను ఏమి ఇస్తుందో చూద్దాం. కొత్త ఫైలు తెరిస్తే స్టాండర్డ్, నైట్ షిఫ్ట్, 24 అవర్స్ అనే మూడు బేస్ క్యాలెండర్లు సిద్ధంగా ఉంటాయి. వాటిలో స్టాండర్డ్ అనేదే ప్రాజెక్టు మొత్తానికీ వర్తిస్తుంది. అందులో సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 8 నుంచి 12 వరకు, మధ్యాహ్నం 1 నుంచి సాయంత్రం 5 వరకు పనివేళలు. శనివారం పని లేదు, ఆదివారం పని లేదు, ఒక్క పండగ కూడా నమోదై ఉండదు. అంటే ఆ క్యాలెండర్ లెక్కలో మన తాపీ మేస్త్రి శనివారం ఇంట్లో ఉంటాడు, సంక్రాంతి రోజు మాత్రం పనికి వస్తాడు. ఈ లెక్క పై అధికారులకు సమర్పించే కార్యక్రమ పట్టికలోకి అలాగే వెళ్లిపోతే కాంట్రాక్టరుకు ఎంత నష్టమో ఒక ఉదాహరణతో చెప్తాను.

ధవళేశ్వరం దగ్గర ఒకప్పుడు 1852లో పూర్తయిన ఆనకట్ట నుంచి, ఇప్పుడు దాని స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీ నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నీరు వెళ్తుందని, ఆ నీటితో పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతుందని ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. సార్వాకూ (ఖరీఫ్ వరి) దాళ్వాకూ (రబీ వరి) నీరు పారుతున్నంత కాలం కాలువ గర్భంలో పని చేయడం సాధ్యం కాదు. దాళ్వా ఆఖరి తడి అయ్యాక కాలువలు కట్టేసి, మళ్లీ సార్వాకు వదిలేలోగా దొరికే వేసవి రోజుల్లోనే పూడికతీత, లైనింగ్, లాకుల మరమ్మతు, తూముల పునర్నిర్మాణం అన్నీ ముగియాలి. ఒక సంవత్సరం కాలువలు ఏప్రిల్ 15న కట్టేసి జూన్ 1న నీరు వదులుతారని అనుకుందాం. మన చేతిలో ఉండేవి 47 రోజులు. 2026 తేదీలతో లెక్కిస్తే ఆ 47 రోజుల్లో స్టాండర్డ్ క్యాలెండర్ గుర్తించే పనిదినాలు 33 మాత్రమే. ఆదివారం ఒక్కటే సెలవైతే 40, సెలవే లేకుండా చేస్తే 47. ఇప్పుడు 40 రోజుల నిడివి ఉన్న ఒక పనిని ఏప్రిల్ 15న మొదలుపెడితే, అది స్టాండర్డ్ క్యాలెండర్‌లో జూన్ 9న ముగుస్తుంది, వారానికి ఆరు రోజుల క్యాలెండర్‌లో మే 30న ముగుస్తుంది, ఏడు రోజుల క్యాలెండర్‌లో మే 24కే ముగుస్తుంది. పని అదే, మనుషులు అంతమందే, అంచనా అదే. క్యాలెండర్ మారడం వల్ల ఒక పట్టిక నీరు వచ్చిన వారం తరువాత కూడా పని జరుగుతున్నట్టు చూపిస్తుంది, మరొకటి వారం మిగులు చూపిస్తుంది.

ఈ అమరికను మార్చుకునే చోటు ‘చేంజ్ వర్కింగ్ టైమ్’ అనే పెట్టె. ఆ పెట్టెను రూపొందించిన తీరును నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అందులో రెండు పుటలు ఉంటాయి. ‘ఎక్సెప్షన్స్’ పుటలో విడి సెలవులు రాసుకోవచ్చు, ‘వర్క్ వీక్స్’ పుటలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు వారపు పనివేళలు ఇలా ఉంటాయని రాసుకోవచ్చు. ఈ రెండో సౌకర్యం మన వేసవికి ఎంతో అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ వల్ల కూలీలు ఉదయం 6 నుంచి 11 వరకు, మళ్లీ 3 నుంచి 6 వరకు పని చేస్తే, ఆ రెండు నెలలకు మాత్రమే ఆ వేళలు నమోదు చేసి, మిగతా సంవత్సరాన్ని మామూలు వేళలకు వదిలేయవచ్చు. కాలువ గర్భంలో జరిగే పనులకు విడిగా ఒక బేస్ క్యాలెండర్ తయారుచేసి, అందులో సాధారణ వారంలోని ఏడు రోజులనూ సెలవుగా గుర్తించి, కాలువ కట్టి ఉండే తేదీలకు మాత్రమే పనివేళలు ఇస్తే, నీరు పారే రోజుల్లో ఆ పనులను సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టదు. తరువాతి సంవత్సరపు మూసివేత తేదీలను కూడా సుమారుగా అందులో రాసి ఉంచడం అవసరం, ఎందుకంటే మిగిలిపోయిన పని వెళ్లి నిలబడడానికి ముందు ఒక తేదీ ఉండాలి.

ఇలా తయారుచేసిన క్యాలెండర్‌ను ‘కాలువ మూసివేత’ అని తెలుగులోనే పేరు పెట్టి దాచుకోవచ్చు. అయితే తయారుచేసినంత మాత్రాన అది అమల్లోకి రాదు. ప్రాజెక్టు మొత్తానికి వర్తించే క్యాలెండర్‌ను ‘ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్’ పెట్టెలో ఎంచుకోవాలి. ఒక్క పనికే వర్తించేదాన్ని ఆ పని వివరాల్లోని ‘అడ్వాన్స్‌డ్’ పుటలో ఎంచుకోవాలి. మనుషులకూ యంత్రాలకూ వర్తించేదాన్ని రిసోర్స్ పట్టికలోని ‘బేస్ క్యాలెండర్’ గడిలో ఎంచుకోవాలి. చాలామంది మొదటిదాన్ని మార్చి మూడోదాన్ని మరచిపోతారు. ప్రాజెక్టుకు ఆరు రోజుల వారం ఇచ్చినా, ముందే రాసి ఉంచిన ముఠాలు (కూలీల బృందాలు) పాత స్టాండర్డ్ క్యాలెండర్ మీదే ఉండిపోతే, వారికి అప్పగించిన పనులు శనివారాలను దాటుకుంటూ వెళ్తూనే ఉంటాయి. పనికి మనిషిని అప్పగించాక సాఫ్ట్‌వేర్ చూసేది ఆ మనిషి క్యాలెండర్‌నే.

ఈ మూడు అంచెల క్యాలెండర్ ఏర్పాటే ఈ సాఫ్ట్‌వేర్‌కు అసలు బలం. మన ప్రాంతపు పనులు ఒకే లయలో నడవవు. ఉత్తరాంధ్ర నుంచో ఒడిశా నుంచో వచ్చే సెంట్రింగ్ ముఠా ఆదివారం కూడా పని చేసి పండగకు వారం రోజులు ఊరికి వెళ్తుంది. స్థానిక కూలీలు ఊడ్పుల కాలంలోనూ కోతల కాలంలోనూ పొలాలకు వెళ్లిపోతారు. పని పూర్తయ్యాక కొలతలు ఎం.బుక్‌లో (కొలతల పుస్తకంలో) ఎక్కించాల్సిన ఇంజినీరుకు ఆదివారాలు, రెండో శనివారం సెలవు. మూడు రకాల మనుషులకు మూడు క్యాలెండర్లు ఇవ్వగలిగినప్పుడే పట్టిక నిజానికి దగ్గరగా ఉంటుంది. ‘ప్రతి నెలా రెండో శనివారం’ అనే సెలవును ఒక్కసారి రాస్తే నెలనెలా తిరిగి వచ్చేలా చేసే వీలు ఎక్సెప్షన్స్ పుటలో ఉంది. గణతంత్ర దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి వంటి తేదీ మారని సెలవులనూ ఏటా తిరిగి వచ్చేలా పెట్టవచ్చు.

మన పండగల విషయంలో మాత్రం ఈ పునరావృత్తి పనికిరాదు. ఉగాది, వినాయక చవితి, దసరా, దీపావళి తిథిని బట్టి వస్తాయి. అంతర్వేది తీర్థం మాఘ శుద్ధ ఏకాదశికి వస్తుంది. ఇంగ్లీషు తేదీ ప్రకారం ఏటా తిరిగి రమ్మని చెప్పడానికి వీలున్న పెట్టెలో పంచాంగానికి చోటు లేదు. కాబట్టి ప్రతి సంవత్సరం పంచాంగం దగ్గర పెట్టుకొని ఒక్కొక్క తేదీనీ చేత్తో రాయాల్సిందే. సంక్రాంతి ఇంచుమించు స్థిరమైన తేదీకే వచ్చినా, దానికి ఒక్క రోజు సెలవు ఇస్తే సరిపోదు. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ అయ్యాక కూడా ముఠాలు తిరిగి చేరుకోవడానికి మరికొన్ని రోజులు పడుతుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం జరిగే కోనసీమ వైపు పనులుంటే, ఆ వారంలో కంకర లారీ కూడా రాదని ముందే అనుకోవడం మంచిది. నా అభిప్రాయంలో ఆ వారం మొత్తాన్ని ముఠాల క్యాలెండర్‌లో సెలవుగా రాసి, ఆఫీసు క్యాలెండర్‌లో ప్రభుత్వ సెలవులు మాత్రమే రాయడం సరైన పద్ధతి.

గంటల లెక్కలో ఉన్న చిక్కు గురించి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే దీన్ని కంటితో కనిపెట్టడం కష్టం. ఈ సాఫ్ట్‌వేర్‌లో ‘ఒక రోజు’ అనేది రోజు కాదు. మనం 5 రోజులు అని రాస్తే అది లోపల 40 గంటలుగా మారుతుంది, ఎందుకంటే ‘ఆప్షన్స్’లో రోజుకు 8 గంటలు, వారానికి 40 గంటలు, నెలకు 20 రోజులు అని ముందే రాసి ఉంటుంది. ఈ అంకెలు కేవలం మార్పిడికి ఉపయోగపడతాయి. వాటిని మార్చినంత మాత్రాన క్యాలెండర్ మారదు, క్యాలెండర్ మార్చినంత మాత్రాన అవి మారవు. మూసివేత రోజుల్లో తొందర వల్ల రోజుకు 10 గంటలు పని చేసేలా క్యాలెండర్ రాసి, ఈ అంకెను 8గానే వదిలేస్తే, 40 రోజులని రాసిన పని 320 గంటలై, 32 రోజుల్లోనే ముగిసినట్టు కనిపిస్తుంది. అంచనా వేసినవాడు పదేసి గంటల రోజులు నలభై కావాలని అనుకొని ఉంటే, ఎనిమిది రోజులు లెక్కలో నుంచే మాయమైనట్టు. ఊటనీరు తోడే పంపుకు 24 అవర్స్ క్యాలెండర్ ఇచ్చి నిడివి 6 రోజులని రాస్తే ఇంకా విపరీతం: అది 48 గంటలే కాబట్టి రెండు పగళ్లు, రెండు రాత్రుల్లో ముగిసిపోతుంది. ఇలాంటి పనులకు నిడివిని గంటల్లోనే రాయమని నేను అందరికీ చెప్తాను. ఉదయం 6కు పని మొదలయ్యే క్యాలెండర్ పెట్టుకున్నవారు ఆప్షన్స్‌లోని ప్రారంభ వేళను కూడా 8 నుంచి 6కు మార్చాలి. లేకపోతే మనం వేళ రాయకుండా తేదీ మాత్రమే రాసిన ప్రతిచోటా పని 8 గంటలకు మొదలై, చివర రెండు గంటల ముక్క మరుసటి రోజుకు మిగులుతుంది.

కాంక్రీటు ఆరడానికి సెలవులు లేవు. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం నాలుగున్నర మీటర్లకు మించిన స్పాన్ (ఆధారాల మధ్య దూరం) ఉన్న స్లాబు కింద ఊతాలను 14 రోజుల దాకా తీయకూడదు. ఈ 14 రోజులను మామూలు రోజులుగా రాస్తే స్టాండర్డ్ క్యాలెండర్ శని ఆదివారాలను వదిలేసి లెక్కిస్తుంది. సోమవారం మొదలైతే 18 రోజులు పడుతుంది. 28 రోజుల బలపరీక్షకు ఇదే లెక్కన 38 రోజులు పడుతుంది. దీనికి పరిష్కారం సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. అంకె తరువాత ‘ఈ’, ‘డి’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు చేర్చి రాస్తే ఆ నిడివి ఏ క్యాలెండర్‌తోనూ సంబంధం లేకుండా రాత్రీపగలూ కలిపి నడుస్తుంది. రెండు పనుల మధ్య ఎడం ఇవ్వడానికీ ఇదే రాత పనిచేస్తుంది. 47 రోజుల మూసివేతలో నాలుగు రోజులు పొదుపు చేసే ఈ రెండక్షరాల సౌకర్యం చిన్నదే అయినా నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది.

నది వైపు పనులకు మరో క్యాలెండర్ కావాలి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టు వరదను చూసినవారూ, 2022 జూలైలో లంకలు మునిగిన తీరు చూసినవారూ జూలై నడిమి నుంచి సెప్టెంబరు నడిమి దాకా ఏటిగట్టు లోపలి వైపు పని పెట్టుకోరు. ఈ రెండు నెలల నిషేధాన్ని ప్రాజెక్టు క్యాలెండర్‌లో రాస్తే ఆఫీసు పనులూ, గట్టు వెలుపలి పనులూ కూడా ఆగిపోతాయి. అందుకే దాన్ని విడి క్యాలెండర్‌గా తయారుచేసి, గట్టు లోపలి పనులకు మాత్రమే తగిలించాలి. పనికి ఇచ్చిన క్యాలెండరూ, మనిషికి ఇచ్చిన క్యాలెండరూ రెండూ ఉన్నప్పుడు సాఫ్ట్‌వేర్ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న వేళల్లోనే పనిని పెడుతుంది. ఉమ్మడి వేళలు చాలకపోతే ఆ సంగతి తెరమీద తెలియజేస్తుంది. మనిషి క్యాలెండర్‌ను పట్టించుకోవద్దని చెప్పే వీలు కూడా అక్కడే ఉంది గాని, దాన్ని వాడేముందు ఆలోచించాలి. ఆ గుర్తు పెట్టాక సంక్రాంతికి ఊరెళ్లిన ముఠా కూడా పనిలో ఉన్నట్టే లెక్క.

అంతర్వేది, ఓడలరేవు వైపు మురుగు కాలువల మొగల (సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర పనులకు మాత్రం ఈ సాఫ్ట్‌వేర్‌లో తగిన క్యాలెండర్ తయారుచేయలేము. అక్కడ పనివేళను పోటుపాట్లు నిర్ణయిస్తాయి. పోటు వచ్చే సమయం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, కాబట్టి వారపు వేళల్లో దాన్ని ఇమడ్చడం కుదరదు. అటువంటి పనికి రోజుకు దక్కే సగటు గంటలను లెక్కవేసి నిడివిని పెంచి రాయడమే మార్గం.

ఇక నేను ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికంటే పెద్ద లోపంగా భావించే విషయానికి వస్తాను. మన పనుల్లో ఒక్క రోజు ఆలస్యం ఒక్క రోజుతో పోదు. మే 26న మొదలై మే 31న ముగిసే ఆరు రోజుల లైనింగ్ పని ఒక్క రోజు ఆలస్యంగా మొదలైతే, ఐదు రోజుల పని ఈ మూసివేతలో అయిపోయి, ఆరో రోజు వచ్చే ఏప్రిల్‌కు వెళ్లిపోతుంది. క్యాలెండర్ సరిగా రాసి ఉంటే సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను తప్పులేకుండా చేస్తుంది. కాని ఆ ఒక్క రోజు ఆలస్యం కాక ముందు, ఇది అంచున నిలబడ్డ పని అని ముందుగా చెప్పే గుర్తు ఏదీ తనంతట తాను చూపదు. చార్టులో ఆ పట్టీ మిగతా పట్టీల మాదిరిగానే ఉంటుంది. పని సెలవు కాలం మీదుగా సాగినప్పుడు కూడా పట్టీ తెగకుండా ఒకటే గీతగా కనిపిస్తుంది. ఆరు రోజుల పనికి పది నెలల పట్టీ ఎందుకు వచ్చిందో నిడివి గడి చూస్తే తెలియదు, అక్కడ ఆరు అనే ఉంటుంది. చార్టు వెనుక బూడిద రంగులో చూపించే సెలవులు కూడా ఏదో ఒక్క క్యాలెండర్‌వే, మామూలుగా ప్రాజెక్టుకు ఇచ్చినదే. దాన్ని ‘టైమ్‌స్కేల్’ పెట్టెలో మార్చుకోవచ్చు గాని రెండు క్యాలెండర్లను ఒకేసారి చూపించలేము. కాలువ మూసివేతనూ వరద నిషేధాన్నీ పక్కపక్కన చూడాల్సిన మనకు ఇది నిజమైన ఇబ్బంది.

దీనికి ఉన్న మందు ‘డెడ్‌లైన్’ అనే గడి. కాలువలో జరిగే ప్రతి పనికీ మే 31 కాకుండా, ఒక వారం ముందు తేదీని, అంటే మే 24ను, డెడ్‌లైన్‌గా రాయాలి. పని ఆ తేదీ దాటితే సూచికల గడిలో ఎర్ర గుర్తు పడుతుంది. అంతేకాక, ఆ పనికి ఎంత వెసులుబాటు ఉందనే (ఎంత ఆలస్యమైనా నష్టం లేదనే) లెక్క కూడా ప్రాజెక్టు చివరి తేదీని బట్టి కాక ఆ డెడ్‌లైన్‌ను బట్టి వస్తుంది. కాంట్రాక్టరు రోజూ చూడాల్సినది ఆ వెసులుబాటు గడినే. ఇంకొక జాగ్రత్త: వేర్వేరు క్యాలెండర్లు కలిసినచోట కీలక పనుల (ఆలస్యమైతే ముగింపు తేదీని కూడా జరిపే పనుల) వరుస మధ్యలో తెగిపోతుంది. ఆదివారం ఆరడం పూర్తయిన స్లాబు మీద తరువాతి పని సోమవారం మొదలైతే, ఆ ఆరుదలకు కొన్ని గంటల వెసులుబాటు ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ భావించి దాన్ని కీలక పనుల్లో నుంచి తీసేస్తుంది. వెసులుబాటు సున్నా ఉంటేనే కీలకం అనే ఆప్షన్‌ను ఒకటి లేదా రెండు రోజులకు పెంచుకుంటే ఈ తెగుదల చాలావరకు పోతుంది.

కాలువలు ఎప్పుడు కట్టాలో, నీరు ఎప్పుడు వదలాలో జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశాల్లో నిర్ణయమవుతుంది, ఆ తేదీలు ఏటా ఒకేలా ఉండవు. నిర్ణయం రాగానే మూసివేత క్యాలెండర్‌లో ఒక తేదీ మార్చితే దానికి తగిలించిన పనులన్నీ ఒక్కసారిగా సర్దుకుంటాయి. ఈ సుఖం చేత్తో రాసిన పట్టికలో లేదు, ఎక్సెల్‌లోనూ ఇంత తేలిగ్గా దొరకదు. అయితే రెండు షరతులు ఉన్నాయి. కొత్తగా రాసే పనులు మాన్యువల్ పద్ధతిలో చేరడం ఈ సాఫ్ట్‌వేర్‌కు అలవాటు. అలా ఉన్నవి క్యాలెండర్ మారినా కదలవు, వాటిని ఆటో పద్ధతికి మార్చాలి. రెండోది, కంప్యూటర్‌లో వాడే మామూలు ప్రాజెక్ట్‌లో క్యాలెండర్ ఏ ఫైలుది ఆ ఫైలుకే. ‘ఆర్గనైజర్’ ద్వారా గ్లోబల్ ఫైలులోకి చేర్చినా అది కొత్తగా తెరిచే ఫైళ్లకు అందుతుంది గాని పాతవాటిలో మారదు. నాలుగు లాకుల పనులకు నాలుగు ఫైళ్లు ఉంటే నాలుగింటిలోనూ విడివిడిగా మార్చాలి.

పెద్ద సంస్థలు వాడే ఒరాకిల్ వారి ప్రైమవెరా పి6లో ఈ ఇబ్బంది లేదు. అక్కడ గ్లోబల్ క్యాలెండర్‌ను ఒకచోట మార్చితే దాన్ని వాడుకునే ప్రాజెక్టులన్నిటికీ వర్తిస్తుంది, పనుల మధ్య ఎడాన్ని ఏ క్యాలెండర్‌తో లెక్కించాలో కూడా ఎంచుకోవచ్చు. అయితే దాన్ని నేర్చుకొని నిర్వహించే మనిషి ఒకరు ప్రత్యేకంగా కావాలి. ఒకటి రెండు కాలువ పనులు చేసే కాంట్రాక్టరుకు అది అవసరం లేదు. ఖర్చే పెట్టలేనివారికి ఉచితంగా దొరికే ప్రాజెక్ట్‌లిబ్రే ఉంది, అది మైక్రోసాఫ్ట్ ఫైళ్లను తెరుస్తుంది, అందులోనూ బేస్ క్యాలెండర్లు ఉన్నాయి. ఒక దానిలో తయారైన ఫైలును మరొక దానిలో తెరిచినప్పుడు ముందు క్యాలెండర్లు, తరువాత ముగింపు తేదీలు సరిచూసుకోవాలి.

కొనాలా వద్దా అని అడిగేవారికి నా జవాబు ఇది. సంవత్సరం పొడవునా ఒకే రకం పనివేళలతో భవనాలు కట్టేవారికి మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ క్యాలెండర్లు అవసరానికి మించినవే. కాలువ, ఏటిగట్టు, లాకు పనులు చేసేవారికి మాత్రం అవి ఖర్చుకు తగిన ఫలితం ఇస్తాయి, అయితే మొదటి పని పేరు రాయక ముందే మూసివేత, వరద, ముఠా, ఆఫీసు అనే నాలుగు క్యాలెండర్లనూ రాసి పెట్టుకోవాలి. 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి కాబట్టి, రాజమహేంద్రవరం మొదలుకొని నరసాపురం దాకా ఘాట్ల దగ్గర పనులున్నవారు ఆ పన్నెండు రోజులనూ, వాటికి ముందు లారీలను అనుమతించని రోజులనూ ఆ క్యాలెండర్లలో ఇప్పుడే చేర్చుకోవాలి.